నీళ్ల మీద రెగ్యులేటర్

రాయ్‌పూర్‌కు సముద్రం లేదు. మహానది చూడాలన్నా ఊరు దాటి వెళ్లాలి. అయినా సరే, మోటారు పడవ తోలి మా రైలింజిన్ల షెడ్డు ఫోర్మన్‌గారిని చెరువులో ముంచిన ఘనుణ్ణి నేనే. ఎలాగో చెబుతాను, హాయిగా నవ్వుకోండి. మా మనవల ముందు మాత్రం నవ్వకండి, వాళ్ల దగ్గర నాకింకా కాస్త పరువుంది.

పెద్ద యుద్ధం ముగిసి అప్పటికి నాలుగైదేళ్లు. నేను షెడ్డులో ఫైర్‌మన్‌ని, అంటే ఇంజిన్‌కు బొగ్గు వేసేవాణ్ణి. ఎలాగైనా షంటర్‌నై, అంటే యార్డులో పెట్టెలు అటూ ఇటూ జరిపే డ్రైవర్‌నై, ఇంజిన్ నా చేతికి రావాలని ఒకటే ఆశ. దానికి ఫోర్మన్ అప్పలస్వామిగారు సిఫారసు రాయాలి. మా విజయనగరం వైపు మనిషే కానీ, ఆయన కలం అంత తేలిగ్గా కదిలేది కాదు.

తిల్దా రైసుమిల్లు సేఠ్ ఒకాయన, మిలిటరీవాళ్లు వేలం వేసిన మోటారు పడవ కొని మా ఊరి చెరువులో దింపాడు. ఓ ఆదివారం పొద్దున ఫోర్మన్‌గారిని షికారుకు పిలిచాడు. ఆయన సంచీ మోస్తూ వెనకాలే నేనూ తయారు. తీరా వెళితే, పడవ నడిపేవాడికి జ్వరమట.

"నేనున్నానుగా!" అన్నాను.

"నీకేటొచ్చురా?" అన్నారు ఫోర్మన్‌గారు.

"అదేటి బాబుగారూ, అంతేసి ఇంజిన్ని కదిపినోడికి ఇదో లెక్కా?"

కదిపిన మాట నిజమే. మా డ్రైవర్‌కు దయ కలిగినప్పుడల్లా షెడ్డు యార్డులో ఇంజిన్ని అటూ ఇటూ జరిపేవాణ్ణి. అంతకుమించి అడక్కండి.

సేఠ్ రెండు పిడులు చూపించాడు. "దేఖో భయ్యా, ఈ పిడి ముందుకు తోస్తే స్పీడు, వెనక్కి లాగితే బంద్. ఆ రెండోది లాగితే వెనకున్న మోటారు పైకి లేస్తుంది. లోతు లేనిచోటే వాడాలి, సమఝే?"

"సమఝ్ గయా!" అన్నాను.

తలకు అర్థమైంది. చేతులకే ఎవరూ చెప్పలేదు. మా అమెరికా ఇంజిన్లో రెగ్యులేటర్, అంటే ఆవిరి వదిలే పిడి, మనవైపు లాగితే పరుగు, ముందుకు తోస్తే ఆగుతుంది. పడవలో సరిగ్గా దానికి తలకిందులు.

సేఠ్ గట్టునే ఉండిపోయాడు, మేమిద్దరం బయల్దేరాం. మొదట అంతా బాగానే సాగింది. పిడి మెల్లగా తోశాను, పడవ మెల్లగా కదిలింది. వెనక సీట్లో ఫోర్మన్‌గారు టోపీ సర్దుకుని, "పర్లేదురా, నీ చెయ్యి నెమ్మదే" అన్నారు. ఆహా! షంటర్ ఉద్యోగం వచ్చి ఒళ్లో కూర్చున్నట్టే అనిపించింది. అంతలో ఎదురుగా గేదెలు.

"ఒరే, గేదెలు! ఆపు!"

ఇంజిన్లోలా కూత వేద్దామని తలపైన తాడు కోసం తడిమాను. తాడు లేదు, ఆకాశం ఉంది. గబుక్కున రెగ్యులేటర్ మూసేశాను. అంటే, ముందుకు తోసేశాను. పడవ ఒక్క దూకు దూకింది.

"ఆపమంటే తోల్తావేటిరా!"

"మూసేశానండీ!" అంటూ ఇంకాస్త గట్టిగా తోశాను.

బుద్ధిగల గేదెలు తప్పుకున్నాయి. గట్టున సేఠ్ "రోకో! రోకో!" అని పరుగెడుతున్నాడు. బ్రేకు ఇదే కాబోలనుకుని రెండో పిడి లాగాను. మోటారు సగం పైకి లేచి, చెరువులోని బురదంతా ఫోర్మన్‌గారికి అభిషేకం చేసింది. పడవ తామరాకుల్లో దూరి, రేవడి బురదలో కూరుకుపోయి టక్కున ఆగింది. ఫోర్మన్‌గారు ఆగలేదు.

నడుములోతు నీళ్లలోంచి లేచారాయన. టోపీ మాత్రం తామరాకుల మధ్య తేలుతోంది.

"ఒరే, పిడి ఏ పక్కకి తోశావు?"

"ముందుకేనండీ. మూద్దామని."

ఆయన టోపీ ఏరుకుని, నీళ్లు పిండుకుంటూ గట్టెక్కారు.

మర్నాడు ఆఫీసుకు పిలిపించారు. షంటర్ ఆశకు నీళ్లొదులుకునే వెళ్లాను. ఓ కాగితం నా ముందుకు తోశారు. 'ప్రాణం మీదికి వచ్చినా ఇతని చెయ్యి రెగ్యులేటర్ మూసేవైపే పోవును. షంటర్‌గా తీసుకొనవచ్చును.' నాకు ఏడుపొచ్చినంత పనైంది. కింద ఇంకో వాక్యం కనబడింది: 'ఇంజిన్‌కు నీళ్లు పట్టునప్పుడు మాత్రము పక్కన మరొక మనిషిని ఉంచవలెను.'

ఆ రోజే బొగ్గు పార మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: కింద పట్టాలు లేనిదేదీ ఈ జన్మలో తోలను. సైకిల్‌తో సహా. దారిలో గేదె ఎదురైతే ఇప్పటికీ నేనే తప్పుకుంటాను.