మూల కత్తిరించిన చీటీ

ఎనిమిదేళ్లుగా ఒక కాగితం ముక్క బరువు మోస్తున్నాను. అరచేతిలో పట్టేంత చీటీ. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. జాలిపడతారని కాదు. పడొద్దు కూడా.

నేను ఇంటర్‌తో ఆగిపోయినదాన్ని. ఆ తర్వాత చదివిందంతా ఉప్పల్ లైబ్రరీలో, ఫ్యాను గాలి తగలని మూల బల్ల దగ్గర కూర్చుని చదివిందే. శరీరశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, ఏది దొరికితే అది. బస్తీల్లో, కంపెనీల్లో లైంగిక ఆరోగ్యం గురించి చెప్పేవాళ్లను తయారుచేయడానికి నాచారంలో ఒక సంస్థ మూడు నెలల శిక్షణ పెట్టి, చివర్లో సర్టిఫికెట్ ఇస్తుందని తెలిసినప్పుడు అది నా కోసమే అనుకున్నాను. మొదటి రోజే గర్భాశయం బొమ్మ గీసి భాగాల పేర్లన్నీ రాశాను. మాకు నేర్పే మేడం బాగుందన్నారు. అంతే.

సరోజ గీసిన బొమ్మ వంకాయలా ఉంది. ఆమె బల్బుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. పదో తరగతి తప్పింది. కానీ ఆమె లేచి మాట్లాడితే గదంతా నవ్వేది. ఆ నవ్వు మధ్యలోనే ఎవరో ఒకరు ఇన్నాళ్లూ అడగలేనిది అడిగేసేవారు. నేర్పడమంటే ఇదీ అని మేడం ఆమెను చూపించిన రోజు నాకు ఒళ్లు మండింది. నేను చదివిన పుస్తకాలన్నీ ఏమైనట్టు?

శిక్షణలో ఒక పద్ధతి ఉండేది. వారానికోసారి ప్రశ్నల పెట్టె. అందరికీ ఒకే కొలత చీటీలు, ఒకే రంగు పెన్నులు. అడగడానికి ఏమీ లేకపోయినా ఖాళీ చీటీ మడిచి వేయాల్సిందే. ఎవరు అడిగారో, ఎవరు అడగలేదో తెలియకూడదు. మాలో ఒకరు పెట్టె తెరిచి ప్రశ్నలు చదివి జవాబు చెప్పి, చీటీలు చించేయాలి. ఆ వారం చీటీలు కోసే పని, జవాబు చెప్పే వంతు రెండూ నావే.

ఒక చీటీ మూల గోరంత కత్తిరించాను. పంచేటప్పుడు దాన్ని సరోజకు ఇచ్చాను.

ఎందుకు? ఆమె ఎంత తెలివితక్కువ ప్రశ్న వేస్తుందో చూసి లోపల నవ్వుకుందామని. ఇంతకంటే పెద్ద కారణం ఏమైనా ఉందా అని చాలాసార్లు వెతికాను. లేదు.

ఇంట్లో కొడుకు కావాలంటున్నారని, తన ఒంట్లో బాగుండటం లేదని, ఎవరికీ చెప్పకుండా కాపర్-టి వేయించుకున్నానని, అది భర్తకు తెలుస్తుందా అని అందులో ఉంది.

జవాబు తప్పు లేకుండా చెప్పాను. కాపర్-టికి ఉండే దారం కొన్నాళ్లకు మెత్తబడుతుందని, మామూలుగా భర్తకు తెలియదని, ఇబ్బందైతే డాక్టరు దాన్ని చిన్నది చేస్తారని. కానీ చెబుతున్నంతసేపూ ఆమెనే చూశాను. ఆమె తల దించుకుంది. నాకు హాయిగా అనిపించింది. ఈ మాట రాయకపోతే మిగతాదంతా అబద్ధమే.

మధ్యాహ్నం అన్నం తింటూ, మాతోపాటే శిక్షణకు వచ్చే రాణికి ఆ చీటీ ఎవరిదో చెప్పాను. పేరు చెప్పలేదు. పుస్తకాల్లో రోగుల గురించి అలాగే రాస్తారు కదా, పేరు లేకుండా, వయసు, పని, పిల్లలు. నేనూ అలాగే చెప్పాను: ముప్పై లోపు వయసు, బల్బుల కంపెనీ, ఐదేళ్ల కూతురు. రాణిది సరోజ వాళ్ల గల్లీయేనని నాకు తెలియదా? తెలుసు. ఇద్దరూ రోజూ ఒకే షేర్ ఆటోలో దిగేవారు.

తర్వాతి వారం సరోజ రాలేదు. ఆ పై వారం, తన దగ్గరున్న బొమ్మల చార్టు తిరిగి ఇవ్వడానికి వచ్చి నన్ను మెట్ల దగ్గర ఆపింది. అత్తకు ఎలాగో తెలిసిపోయి, దవాఖానాకు తీసుకుపోయి కాపర్-టి తీయించేసిందట. భర్త మాట్లాడటం మానేశాడట. ఇక క్లాసులకు పంపరట.

"పెట్టె మేడం దగ్గర్నే ఉంటది గదక్కా. నా రాత ఆమెకు ఎరుకే. ఆమెనే జెప్పినట్టుంది. నువ్వేమంటవ్?"

నేను చార్టు వైపు చూశాను.

"ఏమో. అయ్యుండొచ్చు."

"గంత నమ్మిన ఆమెను," అంది. చార్టు నా చేతిలో పెట్టింది. "నువ్వు జర పైలం అక్కా. నీ చీటీల ఏం రాయకు."

మేడం ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఆమె ఎత్తలేదు. ఎందుకో మేడంకు ఎప్పటికీ తెలియలేదు. నాకు సర్టిఫికెట్ వచ్చింది. రాత పరీక్షలో గోప్యత గురించిన ప్రశ్నకు నాలుగు పేజీలు రాశాను.

రెండేళ్ల తర్వాత ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర సరోజ కనిపించింది. చంకలో చంటిబిడ్డ. కొడుకో కూతురో చూడలేదు, పక్క సందులోకి తిరిగాను. ఇప్పటికీ ఆమె మీద నాకు కోపమే. నన్ను ఒక్కసారైనా అనుమానించనందుకు.

ఇప్పుడు నేను కంపెనీల్లో ఆడవాళ్లకు క్లాసులు చెబుతాను. చీటీలు మాత్రం కోయను. కాగితం, కత్తెర వాళ్ల చేతికే ఇస్తాను. ఎవరు రాశారో ఎవరికీ తెలియదని చెప్పేటప్పుడు నా గొంతు వణకదు. అదే నాకు భయం.

సరోజ ఇది చదవదు. చదివినా క్షమించమని అడగను. ఆమెకు అందాల్సింది ఒక్క సంగతే. మేడం ఎవరికీ చెప్పలేదు. మూల కత్తిరించింది నేను. రాణికి చెప్పింది నేను. రాసేశాను. ఎనిమిదేళ్లలో మొదటిసారి ఊపిరి కాస్త లోపలిదాకా పోయింది.