చప్పిడి పత్యం

మా ఆయనకు తలలో, ముక్కు వెనకాల పైన ఉండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ ఉందని తేలినప్పుడే నేను సగం చచ్చాను. హైదరాబాద్‌లో ముక్కులోంచే ఆపరేషన్ చేసి తీశారు. గడ్డ పెద్దది కాబట్టి హార్మోన్లు తారుమారయ్యే ప్రమాదం ఎక్కువని, బాగానే ఉన్నట్టు కనిపించి ఇంటికెళ్లాక రక్తంలో ఉప్పు పడిపోవచ్చని డాక్టరు చెప్పాడు. నీళ్లు కొలిచి తాగమన్నాడు. రక్తంలో ఉప్పేమిటి, అది పడిపోవడమేమిటి! తల ఊపి కోదాడ వచ్చేశాం.

మా వైపు ఆపరేషన్ అయినవాళ్లకు పత్యం పెడతారు. అందులో మా అత్తమ్మ దిట్ట. ఉప్పు తగిలితే పుండు చీము పడుతుందని చప్పిడి పప్పు, చప్పిడి చారు. పైగా వేడి చేస్తుందని చెంబులకొద్దీ బార్లీ నీళ్లు. చూడ్డానికొచ్చినవాళ్లు ఊరుకుంటారా? మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో ఆయనతో పనిచేసేవాళ్లు కొబ్బరిబోండాలు గెలలకు గెలలే దించారు. ఒకరి చేతిది తాగి ఇంకొకరిది వద్దంటే కోపాలు. ఈయనకేమో మొహమాటం. డాక్టరు కొలిచి తాగమన్నాడని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వింటేనా? మొగుడికి నీళ్లు కూడా పోయని పెళ్లాన్నయ్యాను.

ఒకరోజు పొద్దున తలనొప్పన్నాడు, వాంతి చేసుకున్నాడు. అజీర్తి అని అత్తమ్మ ఇంకో గ్లాసు బార్లీ నీళ్లిచ్చింది. మధ్యాహ్నం నేను అన్నం కలిపి తెస్తే నా మొహంలోకి చూశాడు.

"మీరెవలు? మా ఇంటామెను పిలువుండ్రి."

వేళాకోళం అనుకున్నాను. కళ్లలో నవ్వు లేదు. చూస్తుండగానే వెల్లకిలా పడి కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలుపెట్టాడు.

కారులో సూర్యాపేట తీసుకెళ్లాం. రక్తం పరీక్ష చూసి డాక్టరమ్మ, ఏం పెడుతున్నారని అడిగింది. నేను చెబుతుంటే రాయడం ఆపేసింది. ఆపరేషన్ తర్వాత ఆ గ్రంథి గాడి తప్పి, ఒళ్లు నీళ్లను బయటికి పోనివ్వడం లేదట. తాగిన ప్రతి గ్లాసూ లోపలే ఉండిపోయి రక్తంలో ఉప్పును పలచన చేసిందట. ఇంకాసేపు ఆగితే మనిషి దక్కేవాడు కాదంది. అత్తమ్మ గోడకానుకుని కూలబడింది. ఆమెను దులిపేద్దామనుకున్నదాన్ని, రెక్క పట్టి లేపి బల్ల మీద కూర్చోబెట్టాను.

ఉప్పు సెలైన్ జాగ్రత్తగా, కొద్దికొద్దిగా ఎక్కించారు. మర్నాడు సాయంత్రం కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టాడు. భోరున ఏడ్చాను. కాసేపటికి పెదవులు తడుపుకుని, అమ్మా నీళ్లు అన్నాడు.

అత్తమ్మ గ్లాసు అందుకుని, పోయబోయి ఆగింది. కన్నకొడుకు దాహమంటుంటే, గ్లాసు అలాగే పట్టుకుని నా వైపు చూసింది.

"ఇయ్యాల్నా, వద్దా బిడ్డా?"

నాకూ తెలియదు. నర్సు కోసం పరుగెత్తాను.