బోర్డు మీద పేర్లు

ఆ రోజుల్లో నాకు బడి అంటే రోడ్డు మీద పోతుంటే వినిపించే గోల మాత్రమే. చిన్నప్పుడు ఆయాసం ఉండేదని నాన్న నన్ను బడికి పంపకుండా, తన కుట్టుమిషను పక్కన పీట వేసి తనే చదువు చెప్పారు. తరగతికి నేనొక్కదాన్నే, ఫస్టూ నేనే, లాస్టూ నేనే. పరీక్షలన్నీ ప్రైవేటుగా కట్టి గట్టెక్కాను. (ఆ పీటకూ, ఆ మనిషికీ దేవునికి ఎన్ని స్తోత్రాలు చెప్పినా తక్కువే.) అలాంటి నేను కంకిపాడులో ఎరువుల కొట్టు మీది డాబాలో నడిచే చిన్న బడిలో ఒకటో తరగతి టీచరుగా చేరాను. తరగతి గది ఎలా నడుస్తుందో తెలియని మనిషిని ఆ గదిలో నేనొక్కదాన్నే. ఎల్‌కేజీ, యూకేజీ చదివొచ్చిన పిల్లలంతా నాకు రెండేళ్ళ సీనియర్లు. పెద్ద మేడం నెల రోజులు చూస్తానన్నారు. క్లాసు అదుపులో లేకపోతే వేరే వాళ్ళను పెట్టుకుంటారట. అప్పటికే నాన్నకు సూదిలో దారం ఎక్కడం లేదు. ఆ ఉద్యోగం మా ఇంటికి కావాలి.

రెండో రోజు మేడం పిలిస్తే వెళ్ళి వచ్చేసరికి బోర్డు మీద వంకర అక్షరాలతో ఐదు పేర్లు ఉన్నాయి. పక్కన రెండు జడల క్లాసు లీడరు చాక్‌పీసు పట్టుకుని ఎస్సైలా నిలబడి ఉంది. టీచరు లేనప్పుడు అల్లరి చేసినవాళ్ళ పేర్లు లీడరు రాస్తుందనీ, టీచరు వచ్చి వాళ్ళకు తగిలిస్తుందనీ లోకమంతటికీ తెలుసు, నాకు తప్ప. నాకు తెలిసిన బోర్డు మా చర్చిలో శుక్రవారం స్త్రీల కూడికలో పెట్టేదే. జ్వరం వచ్చినవాళ్ళ పేర్లూ, పరీక్షలు రాసేవాళ్ళ పేర్లూ దాని మీద రాసి, వాళ్ళ కోసం అందరం ప్రార్థన చేస్తాం. ఇంత పసివాళ్ళకు ఎంత భక్తి అని నా కళ్ళు చెమర్చాయి. ఐదుగురినీ పిలిచి, తల మీద చెయ్యి పెట్టి మనసులో ప్రార్థించి, నా డబ్బాలోని వేరుశనగ ఉండ తలా ఒకటి ఇచ్చాను. ఒకడు ముందే చెయ్యి చాపి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు; అరచేతిలో ఉండ పడ్డాక కూడా చాలాసేపు తెరవలేదు.

మర్నాడు మంచినీళ్ళకు వెళ్ళి వచ్చేసరికి బోర్డంతా పేర్లే. పైన ఏం కూలిందోనని ఎరువుల కొట్టాయన మెట్లెక్కి వచ్చాడు. ఒక బొద్దు పిల్ల ఏడుస్తూ నా కొంగు పట్టుకుంది.

"నా పేరు రాయలేదు టీచర్. నేను కూడా గిచ్చాను."

"ఎవరినమ్మా?"

"లీడర్నే."

అప్పుడు లీడరు నా మీద జాలిపడి అసలు పద్ధతి చెప్పింది. "పేరు రాస్తే కొట్టాలి టీచర్, ఉండలు పెట్టకూడదు. మీ బళ్ళో ఇట్టా రాసేవాళ్ళు కాదా?"

సాయంత్రం ఈ సంగతి చెబితే నాన్న మిషను ఆపి నవ్వారు. "కొలత మనం తప్పు తీస్తే గుడ్డను కొడతామా అమ్మా? కుట్టు విప్పి మళ్ళీ వేసుకోవాలి గాని."

అలాగే విప్పాను. మర్నాడు పిల్లలకు తప్పు నాదేనని క్షమాపణ చెప్పి, ఇకనుంచి మంచి పని చేసినవాళ్ళ పేరే రాద్దామన్నాను. ఉండలు మాత్రం లేవన్నాను. లీడరుకు ఇది నచ్చలేదు. అల్లరి చేసేవాళ్ళను ఏం చేయాలంది. చెయ్యబోయే ముందు ఒక్కసారి బోర్డు వంక చూడమని వాళ్ళకు చెప్పమన్నాను. మొదటి వారం పెన్సిలు లాక్కుని, వెంటనే తిరిగిచ్చేసి పేరు రాయించుకున్నవాళ్ళే ఎక్కువ. (అదీ మంచి పనేనని ఒప్పుకున్నాను, తిరిగివ్వడం పెద్దవాళ్ళకే కష్టం.) మెల్లగా లాక్కోవడం తగ్గింది. లీడరు రోజూ అన్నిటికంటే పైన 'టీచర్' అని రాసేది. అదీ బడి ఆచారమే కాబోలని నేను అడగలేదు.

నెలాఖరున పెద్ద మేడం వచ్చి బోర్డు చూడగానే ముఖం మార్చేశారు.

"క్లాసంతా అల్లరేనా? అందులో మీరు కూడానా అండీ?"

దారం చివర తడిపి సూది కోసం తడుముకుంటున్న నాన్న చేతులు కళ్ళ ముందు కదిలాయి. లీడరు లేచి నిలబడింది.

"అవి మంచి పేర్లు మేడం. టీచరు తప్పు చేసి మాకు సారీ చెప్పారు. అందుకని ఫస్టు టీచర్ పేరు రాస్తాం."

మేడం బోర్డు వంకా, కిక్కురుమనని పిల్లల వంకా చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. లీడరు నా పేరు కింద 'పెద్ద మేడం' అని రాసింది. ఎందుకే అంటే, "తిట్టకుండా వెళ్ళారు కదా టీచర్" అంది. మర్నాడు టీచర్ల హాజరు పట్టీలో అప్పటిదాకా పెన్సిలుతో ఉన్న నా పేరు పెన్నుకు మారింది.

ఇప్పుడు నాకు బడి ఆచారాలన్నీ తెలుసు. శుక్రవారం కూడికలో బోర్డు రాసేదీ నేనే. రాస్తూ రాస్తూ ఏమీ తెలియని ఆ టీచరమ్మను తలచుకుని నవ్వుకుంటాను. తర్వాత నేనూ ఎన్నోసార్లు దెబ్బ తప్పదనుకుని చెయ్యి చాపి కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూస్తే చాలాసార్లు అరచేతిలో వేరుశనగ ఉండ కనిపించింది.