దేముడమ్మ పోసిన రెండు కుప్పలు

"నీకేం తెలుసు" అని ఎవరైనా అంటే చాలు, దేముడమ్మ చేతిలో పని అక్కడే వదిలేసి లేచేది. ఎండుచేపల బుట్ట దూరంగా పెట్టుకోమన్న ఒక పెద్దమనిషిని, శ్రీకాకుళం బజారు నడిబొడ్డున, "కూరొండినాక గూడా దూరంగా కూకునే తింటావేటి?" అని నిలదీసిన మనిషి. కళింగపట్నంలో పుట్టింది, అక్కడే తెప్ప వేసే అప్పలసూరిని చేసుకుంది, ఆ ఇసుకలోనే ముప్పయ్యేళ్ళు చేపలు ఎండబెట్టింది. బడి మొహం చూడలేదు. నేను మాత్రం ఎమ్మెస్సీ చదివాను. ఆ చదువు ఏపాటిదో 1968 జనవరిలో తెలిసొచ్చింది.

అప్పట్లో నేను విజయనగరం వైపు ఒక కాలేజీలో డెమాన్‌స్ట్రేటర్ని. మా శాఖ పెద్ద నరసింగరావుగారు. వంశధార సముద్రంలో కలిసేచోట చలికాలంలో పెద్ద సముద్రపు కాకులు, ఇంగ్లీషులో గల్స్ అనే పిట్టలు, దిగుతాయి. తెల్లటి ఒళ్ళు, నల్లటి వీపు, పసుప్పచ్చ ముక్కు. అవన్నీ ఒకే జాతి అని నరసింగరావుగారి వాదన. కొన్నిటి వీపు మరీ ముదురుగా, కొన్నిటిది కాస్త వెలిసినట్టు ఉండడం వయసువల్లో ఎండవల్లో అనేవారు. రుజువుకి నలభై పిట్టలు కావాలని తుపాకీ ఇచ్చి నన్ను పంపారు. నా ఉద్యోగం ఖాయం కావాలంటే ఆయన సంతకం కావాలి. అందుకని నోరు మూసుకుని వెళ్ళాను.

మూడు రోజుల్లో పదకొండు కొట్టాను. ఒలిచి, చర్మాలకు దూది కూరి, అంకెలు వేసి పెట్టెలో ఆరబెట్టాను. నాలుగోరోజు పొద్దున్నే దేముడమ్మ వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"బాబూ, నీ తుపాకీ మోతకి బొగ్గుకాకులు లేసిపోతన్నాయి. మూడు దినాల్నించీ మా తెప్పలు వట్టినే తిరిగొస్తన్నాయి. ఆపీ."

బొగ్గుకాకి ఏమిటని అడిగాను. నాకు అంతమాత్రం తెలియదా అన్నట్టు చూసింది. ముదురు వీపుది బొగ్గుకాకి, వెలిసిన వీపుది బూడిదకాకి. బొగ్గుకాకులు సముద్రం మీద ఎక్కడ మూగితే అక్కడ కవళ్ళు అనే చిన్నచేపలు గుంపు కట్టినట్టు. వాటిని చూసే తెప్పలు తోలుతారు. బూడిదకాకికి ఆ బాధ లేదు, ఒడ్డున పారేసిన పేగులు చాలు.

"కిందటేడు మా మరిది లక్ష్ముడు బూడిదకాకుల ఎనకాల పోయి, పొద్దల్లా తెడ్డేసి, ఎవుడో పారేసిన సేపపేగుల కాడ తేలినాడు. ఊరంతా నవ్వినారు. నువ్వు ఆడికన్నా సదువుకున్నోడివి గదా!"

రెండూ ఒకటేనని మా నరసింగరావుగారు అంటారని, పుస్తకంలోనూ అలాగే ఉందని చెప్పాను. పెట్టె తెరిచి చూపించాను. వాటి కాళ్ళన్నీ ఒకే మట్టిరంగులో ఉన్నాయి.

ఆవిడకి కోపం వచ్చింది. "ఎండినాక ఏటి సూపిస్తావు? ఎండబెట్టిన సేప రంగు సూసి, బతికున్నప్పటి రంగు సెప్తాడేటి మీ దొర? బొగ్గుదాని కాళ్ళు పసుపు రాసినట్టుంటాయి. రెండోదానివి పాలిపోయుంటాయి. పోనీ, రెక్క ఇప్పి సూడు. పుష్యమాసం దాకా బొగ్గుకాకి ఈకలు రాలస్తానే ఉంటాది. సేపలారబెట్టే ఇసకలో ఏటేటా ఏరి పారేసేది నాను గదా. బూడిదకాకికి ఈపాటికి రెక్క నిండిపోతాది."

చర్మం ఎండితే కాళ్ళ రంగు పోతుందని నాకు తెలుసు. క్లాసులో చెప్పేవాణ్ణి కూడా! అయినా అది గుర్తుచెయ్యడానికి ఎండుచేపలమ్మే మనిషి కావలసివచ్చింది. నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఆ మధ్యాహ్నమే నరసింగరావుగారు జీపులో దిగారు. నాలుగు రోజుల్లో పదకొండేనా అని చిరాకుపడ్డారు. నేను దేముడమ్మ మాట చెప్పాను. ఆయన నవ్వి, వలలు బాగుచేసుకునే జనమంతా వింటుండగా, గంపతో అక్కడే నిలబడ్డ దేముడమ్మతో, "నీకేం తెలుసే? ఎండలో ఏదో కనపడితే రెండు పేర్లు పెట్టేశావు" అన్నారు.

ఇంకేముంది. దేముడమ్మ గంప దించింది. పమిటచెంగుతో కళ్ళకు గంతలు కట్టుకుని ఇసుకలో చతికిలబడింది. "ఎండ వొద్దు, రంగు వొద్దు. ఇలగియ్యండి."

ఒక్కొక్క పిట్టనే చేతికిచ్చాను. రెక్క చివర తడిమి, ఈకల మొదట్లో వేళ్ళు దూర్చి, మొలుస్తున్న ఈక గొట్టం తగిలితే కుడివైపు, తగలకపోతే ఎడమవైపు పెట్టింది. ఒకదాన్ని మాత్రం చాలాసేపు తడిమి ఒళ్ళో పెట్టుకుంది. "దీని సంగతి నాకు తెల్దు. తెల్దనే రాసుకో."

కుడివైపు ఆరు, ఎడమవైపు నాలుగు. నేను నోటుబుక్కు తీశాను. కొట్టిన వెంటనే, కాళ్ళ రంగు పోకముందే, ఒక్కోదాని వీపూ కాళ్ళూ ఎలా ఉన్నాయో అంకెలవారీగా అందులో ముందే రాసి ఉంచాను. రాసుకుని మళ్ళీ చూడలేదు. పైకి చదువుకుంటూ పోయాను. పదికి పదీ సరిపోయాయి. తెలియదన్నదానికి నేనూ ప్రశ్నార్థకమే పెట్టుకున్నాను. నరసింగరావుగారి నోట "తెలియదు" అన్న మాట నేను ఆరేళ్ళలో ఒక్కసారీ వినలేదు.

"కాకతాళీయం," అన్నారాయన. "ఇంకా ఇరవై తొమ్మిది కావాలి. కొట్టవయ్యా."

దేముడమ్మ గంతలు విప్పి, ఏరు సముద్రంలో కలిసే మొగలోని ఇసుకదిబ్బ మీదికి నడిచింది. పిట్టలకూ నాకూ మధ్య నిలబడి నడుం మీద చెయ్యేసుకుంది. "కొట్టు బాబూ. ముందు నన్ను కొట్టు."

నేను తుపాకీ గొట్టం వంచి తూటాలు బయటికి తీశాను.

"కొట్టను సార్. నాకు కళ్ళు కనిపిస్తున్నాయి."

"నీ ఉద్యోగం సంగతి ఆలోచించుకున్నావా?"

"ఆలోచించుకున్నాను. కొట్టను."

ఆయనకు తుపాకీ పట్టడం రాదు. నా చేతిలోంచి దాన్ని లాక్కుని జీపెక్కారు. ఆ ఏడు నా ఉద్యోగం ఖాయం కాలేదు, పై ఏడు అసలే లేదు. దానికి నేను ఒక్కనాడూ విచారించలేదు.

ఆ సాయంత్రం నేను పదకొండు చీటీలు కొత్తగా రాశాను. చీటీ మీద మనిషి పేరుకి, పిట్టను సేకరించినవాడికని, ఒక్క గీతే ఉంటుంది. అక్కడ దేముడమ్మ పేరు రాసి, పిట్టల కాళ్ళకి కట్టి, ఎంతో ఘనకార్యం చేసినవాడిలా తీసుకెళ్ళి చూపించాను.

"సచ్చిన పిట్టల కాళ్ళకి నా పేరు కట్టినావా?" అంది. ఆ గొంతు నరసింగరావుగారితో మాట్లాడినదానికన్నా గట్టిగా ఉంది.

"గౌరవం కోసం, దేముడమ్మా. రెండు జాతులని కనిపెట్టింది నువ్వే కదా."

"కనిపెట్టినాను. సంపలేదు. ఇప్పీ. సంపినోడి పేరెట్టు."

అన్నీ విప్పించింది. అక్కడే కూర్చుని ఆమె పేరు కొట్టేసి నా పేరు రాశాను. చదువురాని మనిషి కదా, నన్ను నమ్మలేదు. ఒక్కో చీటీ నా ముందు పెట్టి "ఏటి రాసినావో సదువు" అంది. పదకొండుసార్లు నా పేరు నేనే పైకి చదివాను.