బోరింగు మీది ఎర్ర రంగు

ఏడేళ్లుగా ఒక మాటను లోపల మోస్తున్నాను. చిన్న మాటే. చెప్పడానికి నిమిషం పట్టదు. ఒకసారి బస్సులో మా బాపు పక్కన కూర్చుని నోటిదాకా తెచ్చుకున్నాను. ఆయన "ఏందిరా?" అన్నాడు. "ఏం లేదు" అని కిటికీ వైపు తిరిగాను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నేను నల్లగొండ దగ్గర ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. శని, ఆదివారాలు కాలేజీలో హ్యాకథాన్ పెట్టారు. ఫోన్ కెమెరాలోంచి చూస్తే ఎదురుగా లేని బొమ్మ కూడా ఉన్నట్టే కనిపిస్తుంది కదా, ఆ ఆగ్మెంటెడ్ రియాలిటీతో జనానికి పనికొచ్చేది ఏదైనా రెండు రోజుల్లో చేసి చూపించాలి. నా జోడీ సైదులు. ఆలోచన వాడిదే. వాళ్ల ఊరి బోరింగులో ఫ్లోరైడ్ నీళ్లు. ఆ నీళ్లు తాగీ తాగీ వాళ్ల అవ్వ నడుము వంగిపోయింది. బోరింగుకు ఒక కాగితం అతికిస్తాం. దానికెదురుగా ఫోన్ పట్టుకుంటే గాల్లో ఎర్రటి అక్షరాలు లేస్తాయి, ఈ నీళ్లు తాగొద్దని. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు అదొక హెచ్చరిక. మంచి ఆలోచనే. ఇప్పటికీ అదే అంటాను.

శనివారం పొద్దున వీడియో తీయడానికి బండి మీద వాళ్ల ఊరికి పోయాం. బోరింగు ఊరి చివర, కోళ్ల ఫారం పక్కన ఉంది. ఇళ్లకు నల్లాలు వచ్చాక ఊళ్లోవాళ్లు దాని జోలికి పోవడం లేదు. దానికి ఎర్ర రంగు వేసి ఉంది. తాగొద్దని గుర్తుగా ఎప్పుడో వేసిన రంగు. అక్కడక్కడా పెచ్చులూడినా దూరం నుంచే కనిపిస్తోంది. ఫోన్‌కు చార్జింగ్ పెట్టుకొస్తానని సైదులు ఇంటికి పోయాడు. నేనొక రాయి తీసుకుని ఆ రంగు గీకడం మొదలుపెట్టాను. చప్పుడు విని వాళ్ల అవ్వ కర్ర పట్టుకుని వచ్చింది.

"గా ఎర్రది ఎందుకు తీస్తున్నవ్ బిడ్డా?"

"కాయితం అంటుకుంటలేదవ్వా. జర సాఫ్ చేస్తున్న."

"సదువు రానోళ్లకు గదే బోర్డు. గది పోతే ఎట్ల తెలుస్తది?"

"ఫోన్ల కనబడ్తది అవ్వా."

"నా తాన ఫోనేడిది?" అని నవ్వింది.

"రేపు నేనే డబ్బ తెచ్చి మళ్ల ఏస్త."

"మర్చిపోతవ్ తియ్యి."

"ఒట్టు అవ్వా. మర్చిపోను."

నిజంగానే మరచిపోలేదు. మరచిపోయి ఉంటే ఏదో కుర్రతనంలే అని ఈపాటికి నన్ను నేను క్షమించుకునేవాణ్ణి.

ఆదివారం సాయంత్రం మాకే మొదటి బహుమతి వచ్చింది. సోమవారం పరీక్ష అనుకున్నాను. తరువాతి వారం ఇంకేదో. పెయింటు దుకాణం మా హాస్టల్‌కు ఎదురుగానే ఉండేది. రోజూ దాని ముందు నుంచే టీకి పోయేవాణ్ణి. "అవ్వ అడుగుతాంది, రంగేస్తనన్నవట?" అని సైదులు ఒకరోజు గుర్తుచేశాడు. "కాయితం అంటిస్తుంటే అదే పెచ్చులు పెచ్చులు రాలిపోయిందిరా. పోనీ నేనేస్తలే అని ఊకెనే అన్న" అన్నాను. వాడు నమ్మాడు. వాడెప్పుడూ నన్ను నమ్మేవాడు.

ఆ చలికాలంలో అవ్వ పోయింది. కబురు విన్నప్పుడు బాధపడ్డాను, అది అబద్ధం కాదు. కానీ ఆ బాధ కింద ఇంకొకటి ఉంది. నేను గీకడం చూసిన ఒక్క మనిషీ ఇక లేదు. నా గుండె తేలికపడింది. ఒక ముసలమ్మ చావుకు తేలికపడ్డవాణ్ణి నన్ను నేను ఏమనుకోవాలి?

దినాలకు పోయాను. పందిట్లో విస్తరి ముందు కూర్చుంటే ఎదురుగా బోరింగు కనిపిస్తోంది. మేం అతికించిన కాగితం ఎప్పుడో వానకు పోయింది. కొత్తకోట దిక్కు నుంచి ఒక కుటుంబం కోళ్ల ఫారం పనికి వచ్చి అక్కడే ఉంటోంది. ఫారానికి నల్లా లేదు. తల్లి బోరింగు కొడుతోంది. మూడేళ్లుంటాయేమో, బిడ్డ దోసిలి పట్టి తాగుతోంది. ఒక్క కేక వేస్తే సరిపోయేది. కానీ కేక వేస్తే, ఇన్నాళ్లూ ఉన్న ఎర్ర రంగు ఏమైందని ఎవరైనా అడుగుతారు. తల వంచుకుని అన్నం కలిపాను. తిన్నాను. చెయ్యి కడుక్కుని వచ్చేశాను.

ఇంకొకటి కూడా ఉంది. అసలు చెప్పలేనిది ఇదే. కాగితం అంటుకోవడం లేదని అవ్వకు చెప్పాను కదా. అంటుకునేదే. ఎర్ర రంగు లేనిచోట అతికిస్తే అయిపోయేది. కానీ వీడియోలో ఆ రంగు కనిపిస్తే న్యాయనిర్ణేతలు ఒకే ఒక్క ప్రశ్న అడుగుతారు: గుర్తు ఉండనే ఉంది కదా, మీ యాప్ ఎందుకు? ఆ ప్రశ్న రాకూడదనే గీకాను.

పోయిన నెల ఆ ఊరికి పోయాను. ఎర్ర పెయింటు డబ్బా, బ్రష్షు పట్టుకుని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, తెలుసు. అయినా పోయాను. సగం వేశానో లేదో, కోళ్ల ఫారం నుంచి తొమ్మిదేళ్ల పిల్ల వచ్చి నిలబడింది. అదే పిల్ల.

"ఏం జేస్తున్నవ్ అన్నా?"

"గీ నీళ్లు తాగొద్దని గుర్తు."

"మేం తాగుతలేం. మాకు నల్లా వచ్చింది. చిన్నగున్నప్పుడు తాగినమట." నవ్వబోయి అరచేయి అడ్డం పెట్టుకుంది. అప్పటికే చూశాను. ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు. "అప్పుడు గీ ఎర్రది లేకుండెనట. ఉంటే మా అమ్మ నన్ను తాగనిస్తుండెనా?"

ఆ చారలు ఈ బోరింగు వల్లే వచ్చాయా? వాళ్ల సొంతూరి నీళ్లు కూడా అలాంటివేనేమో. ఇది నేనే నాకు వెయ్యిసార్లు చెప్పుకున్నాను. కావచ్చు. కానీ ఆ మాట చాటున దాక్కుంటున్నది ఎవరు? నేనే కదా. ఆ పిల్లకు దాక్కునే చోటు లేదు, తన అరచేయి తప్ప.

నేనేమన్నానో తెలుసా? "అవునా" అన్నాను. అంతే. మిగతా సగం వేసి, డబ్బా మూత బిగించి బండి ఎక్కాను.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు. అది మీ చేతిలోది కాదు కూడా. అయితే ఇది రాశాక కొంచెం ఊపిరి ఆడుతోంది. ఆ పిల్ల ఎదుట నిలబడి చెప్పాల్సిన మాట ఒకటుంది. ముందు మీ దగ్గర అంటున్నాను, నోటికి అలవాటు కావాలని.

ఎర్రది ఉండె చెల్లే. నేనే గీకిన.