పెద్దాయన గీత

మా తాత సంజీవరావు లెక్కలో, ఆగిన ప్రతిదీ బయల్దేరడానికి సిద్ధంగా ఆగాలి. ఆదివారం గుడికి వెళ్తే, ప్రసంగం మొదలయ్యేలోపు ఒకసారి బయటికొచ్చి, జనం వదిలిన చెప్పులన్నిటినీ గేటు వైపుకి తిప్పి పెడతాడు. "ప్రార్థన అయ్యాక గుమ్మంలో గిరగిరా తిరగక్కర్లేదుగా" అంటాడు. పాస్టరుగారు మాత్రం తన చెప్పులు గది లోపల దాచుకుంటున్నారు.

ఇది లారీ నడిపి తెచ్చుకున్న జబ్బు. రేపల్లె నుంచి ధాన్యం, నిజాంపట్నం నుంచి చేపలు వేసుకుని చాలా ఏళ్ళు తిరిగాడు. కంటిచూపు తగ్గి స్టీరింగు వదిలేశాక, జంపని దగ్గర తెనాలి రోడ్డు పక్కన జగన్నాథరావుగారి ఖాళీ స్థలంలో కుర్చీ వేసుకున్నాడు. లారీలు అక్కడ ఆగుతాయి. డ్రైవర్లు పంపు కింద స్నానం చేసి, కాసేపు నిద్రపోయి వెళ్తారు. ఎవరు ఎక్కడ ఆపాలో చెప్పేది మా తాత. జీతం లేదు, టీలకి మాత్రం కొదవలేదు.

అక్కడ అన్నీ తాత పెట్టిన పద్ధతులే. బండిని వెనక్కి నడిపి, ముఖం రోడ్డుకి పెట్టాలి. పక్క క్యాబిన్‌కి తెర వేసి ఉంటే పాటలు ఆపెయ్యాలి. అడ్డంగా ఉన్న బండి తీయించాలంటే హారన్ కొట్టకూడదు, తలుపు మీద మెల్లగా తట్టి "అన్నా" అనాలి. చేపల బండి కాలువ వైపు చివరికి పోవాలి, దాని ఐసు నీళ్ళు ఇంకొకరి టైర్ల కిందికి రాకూడదు.

అన్నిటికన్నా పెద్దది గీత. వెనక టైరు ఎక్కడ ఆగాలో తెలియడానికి, వానలు తగ్గాక ఏటా తాత సున్నంతో గీసే గీత. దాని వెనక ఆయన కుర్చీ, ఆయన పెంచిన సొరపాదు. కొత్త డ్రైవరు వస్తే పాతవాళ్ళే చెప్పేవాళ్ళు, "గీత దాటకు తమ్ముడూ, అది పెద్దాయన గీత" అని.

మొన్న ఒక స్కూలు బస్సు, ఈ స్థలంలోంచి రోడ్డు మీదికి పొడుచుకొచ్చిన లారీకి రాసుకుని అద్దం పగలగొట్టుకుంది. పిల్లలకి ఏమీ కాలేదు. మర్నాడు పొద్దున్నే జగన్నాథరావుగారు కారు దిగారు.

"సంజీవరావ్, ఇలా అయితే కష్టమయ్యా. ఊరంతా నాకే ఫోన్లు చేస్తోంది. ఆదివారం దాకా చూస్తాను. అప్పటికీ లారీల ముక్కులు రోడ్డు మీదే ఉంటే కంచె వేయించేస్తాను. ఇక్కడ ఒక్క బండి ఆగదు."

"అంత పని అవసరం రాదండి. నేను చూసుకుంటానండి" అన్నాడు తాత. ఆయన వెళ్ళాక టీ చల్లారిపోయింది, తాత ముట్టుకోలేదు. ఆ స్థలం పోతే ఆయన ఇంట్లో కూర్చోవాలి. ఇంట్లో తిప్పిపెట్టడానికి మా చెప్పులు తప్ప ఏమున్నాయి?

చూసుకోవడమంటే డ్రైవర్లని తిట్టడమని నాకు తెలుసు. "ఈ కాలం వాళ్ళకి బండి తోలడమే తప్ప పెట్టడం తెలీదే బ్లెస్సీ!" అని మధ్యాహ్నం దాకా సణిగాడు.

అప్పుడు వచ్చాడు శాలేమురాజు, పద్నాలుగు టైర్ల ధాన్యం లారీతో. తాత లారీ వెనక నిలబడి చెయ్యి ఊపాడు. "రానీ... రానీ... రానీ... ఆప్!" వెనక టైరు సరిగ్గా గీత మీద ఆగింది. తాత మురిసిపోయాడు.

"తాతా, ముందుకొచ్చి చూడు."

"చూడక్కర్లా. గీత మీదే ఆగింది."

"గీత మీదా ఆగింది, రోడ్డు మీదా ఆగింది. అసలు ఆ గీత దేన్ని బట్టి గీశావు?"

"దేన్ని బట్టేంటే? నా బండిని బట్టి."

"నీది ఆరు టైర్ల బండి. నేను పుట్టకముందే అమ్మేశావు."

"లెక్కలు తప్పి టెన్త్ ఆపేసినదానివి, నాకు కొలతలు చెప్తావా?"

అన్నాడే గానీ కదిలాడు. లారీ ఒంటి మీద చెయ్యి వేసి, వెనక నుంచి ముందుకి నడిచాడు. నడిచాడు, నడిచాడు, బండి అయిపోలేదు. అయిపోయేసరికి తారు మీద ఉన్నాడు. బస్సొకటి గయ్యిమని హారన్ కొట్టేసరికి ఉలిక్కిపడి వెనక్కొచ్చాడు.

"రాజూ, వెనకింత చోటుందిగా. ముఖం రోడ్డు మీదుందని నీకు తెలీదా?"

శాలేమురాజు తల గోక్కున్నాడు. "తెలుసండి తాతగారూ. గీత దాటితే మీరు బాధపడతారని..."

పంపు దగ్గర తల తుడుచుకుంటున్న చేపల బండి డ్రైవరు అందుకున్నాడు. "అందరం అదే అనుకున్నామండి. మీకెవరు చెప్తారండి?"

"ఆ అద్దం ముక్కలు పిల్లల కళ్ళల్లో పడుంటే? ఏం చేసుకోమంటార్రా మీ మర్యాద!" అన్నాడు తాత. ఇంకా తిట్టాలని చూశాడు గానీ, ఎవర్ని తిట్టినా తిరిగి తనకే తగిలేలా ఉంది. చెప్పు కాలితో గీతని చెరపడం మొదలుపెట్టాడు.

కొత్త గీత వెనక్కి జరగాలంటే సొరపాదు పోవాలి. పందిరి నిండా పిందెలు, కాయలు. "రేపు తీద్దాంలెండి తాతగారూ" అన్నాడు శాలేమురాజు.

"బస్సులు రేపటిదాకా ఆగుతాయా?" అని తాతే పందిరి తాళ్ళు కోశాడు. కాయలు తలా ఒకటి పంచాడు. అంత పొడుగు లారీలో ఒక్క సొరకాయ పట్టుకుని ఎక్కుతున్న శాలేమురాజుని చూసి నేను నవ్వితే, నాకు దక్కింది మొట్టికాయ.

ఈసారి గీత ముందుగా గీయలేదు. శాలేమురాజుని ముఖం రోడ్డు దిగేదాకా వెనక్కి రమ్మని, టైరు ఆగిన చోట సున్నం పోశాడు. "ఇంకా పొడుగు బండొస్తే గీతని చూసి మొహమాటపడకండి. దాటండి. తర్వాత నాకు చెప్పండి" అన్నాడు అందరితో.

ఆదివారం గుడి నుంచి వచ్చేసరికి జగన్నాథరావుగారు స్థలం ముందు కారు ఆపి ఉన్నారు. లోపల లారీలు బారుగా నిలబడ్డాయి. రేపల్లె బస్సు వచ్చింది. వేగం తగ్గించలేదు, హారన్ కొట్టలేదు, వెళ్ళిపోయింది.

"కంచె వాళ్ళని రావద్దని చెప్పేస్తాలే సంజీవరావ్" అన్నారాయన.

తాత చేతులు జోడించాడు. జోడించిన చేతులతోనే రోడ్డు మీద వచ్చి ఆగిన లారీ వైపు చూశాడు. "కారు కాస్త తీస్తారాండి? బండి లోపలికి రావాలి."

జగన్నాథరావుగారు నవ్వుతూ స్టీరింగు ముందు కూర్చున్నారు. తాత అప్పటికే కారు వెనక నిలబడి చెయ్యి ఊపుతున్నాడు.

"రానీయండి... రానీయండి..."