గుంజకు కట్టిన ఉప్పు మూట

మేకకు ఏం పెట్టాలో నేను నా భార్య దగ్గర నేర్చుకున్నాను. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. మా దొడ్లో మేకలు ఇప్పటికీ ఆమె అలవాటు చేసిన తిండే తింటున్నాయి, బాగానే ఉన్నాయి. ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెబుతాను.

అందులో డబ్బు పెట్టి కొనవలసినవి తక్కువ. బియ్యం దంచగా వచ్చిన తవుడును గంజిలో కలిపి కుడితిగా పెట్టాలి. మినప్పొట్టు పారేయకుండా ఎండబెట్టుకోవాలి. కాలవ గట్టున నాలుగు అవిశ మొక్కలు నాటుకుంటే ఆకు ఎప్పుడూ ఉంటుంది. గానుగ దగ్గర తెలకపిండి దొరికితే చిన్న ముక్క నానబెట్టి, పాలిచ్చే మేకకు మాత్రం పెట్టాలి. ఇవి ఊళ్ళో అందరికీ తెలిసినవే. ఆమె అదనంగా చేసింది ఒకటుంది. కల్లుప్పులో కాస్త తవుడు, చిటికెడు గుల్ల సున్నం కలిపి, ముతక గుడ్డలో మూట కట్టి, పాక గుంజకు మేక మూతి అందే ఎత్తున వేలాడదీసేది. గుడ్డ మీంచి నాకితే ఎంత వస్తుందో అంతే వస్తుంది. ఒక్క మూట చాలా రోజులు వచ్చేది. ఉప్పు మీద సర్కారు పన్ను ఉన్న రోజులవి. మనుషులకే పొదుపుగా వాడుతుంటే మేకకు ఉప్పేమిటని వీధిలో నవ్వేవారు.

ఆమె పుట్టిల్లు సముద్రం దగ్గర మొగల్తూరు. మాది పాలకొల్లుకు దగ్గరలో, కాలవ కింద ఊరు. కాపరానికి వచ్చినప్పుడు తల్లి ఇచ్చిన మేకను వెంట తెచ్చుకుంది. మూట ఎందుకని అడిగితే, "మా వైపు నేలే ఉప్పగా ఉంటుందండి. మేక దానంతటదే నాక్కుంటుంది. మీ నేల కాలవ నీళ్ళు తాగి తాగి చప్పబడిపోయింది. ఇక్కడ మనమే పెట్టాలి" అంది.

మా అమ్మాయి పుట్టిన నెలలోపే ఆమె జ్వరంతో పోయింది. మా అత్తగారు మొగల్తూరు నుంచి వచ్చి బిడ్డను ఒళ్ళోకి తీసుకున్నారు. మైల రోజుల్లో ఇంట్లో అందరం చప్పిడి తిన్నాం. ఉప్పన్నది కంటికి కనబడకుండా ఆవిడ తీయించేశారు. మైల తీరాక ఇల్లు కడిగి, పాత కుండలు పారేసి, కొత్త కుండలో ఉప్పు పోశారు.

మొదట్లో పక్కింటి పిన్నిగారి కూతురు మా బిడ్డకు కూడా పాలిచ్చింది. ఆ అమ్మాయి పురిటికి వచ్చి ఉంది. తర్వాత అత్తవారింటికి వెళ్ళిపోయింది. ఇక మిగిలింది మేక ఒక్కటే. దాని పాలు కాచి, నీళ్ళు కలిపి, ఉగ్గుగిన్నెతో పట్టేవాళ్ళం. సరిగ్గా అప్పుడే మేక పాలు తగ్గాయి. బొచ్చు గరుకుగా లేచింది. కుడితి ముట్టుకుని వదిలేసేది. నేను తవుడు పెంచాను, అవిశ ఆకు పెంచాను. పాలు పెరగలేదు. బిడ్డ గిన్నె ఖాళీ చేసి, ఇంకా కావాలని ఏడ్చేది. ఊళ్ళో వేరే పాడిమేక లేదు. ఆవుపాలు పడితే విరేచనాలయ్యాయి.

మేక మట్టిగోడ నాకుతుంటే పిన్నిగారు చూసి, మా అత్తగారితో, "నోరులేని జీవం కదండీ వదినగారూ, పోయిన మీ అమ్మాయి మీద బెంగ పెట్టుకుంది" అన్నారు.

చనిపోయిన మనిషి చుట్టూ అలాంటి మాటలు అల్లడం నాకు ఇష్టం లేదు. "బెంగ ఉంటే గోడ నాకుతుందా పిన్నిగారూ?" అన్నాను.

"అమ్మాయి పోయిన దగ్గర్నుంచి మీరు పొద్దస్తమానం పుస్తకాల్లో తలకాయ పెట్టుకు కూచోటం లేదేంటి? మీది పుస్తకం, దానిది గోడ" అన్నారావిడ.

మా అత్తగారు నవ్వలేదు. "బెంగా కాదు, ఏమీ కాదు. దిష్టి. పాలిచ్చే మేకని వీధంతా చూస్తోంది" అన్నారు. లోపలికి వెళ్ళి గుప్పెడు ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకొచ్చారు. బిడ్డను నా చేతికిచ్చి, మేక ఎదురుగా నిలబడి గుప్పిట తిప్పడం మొదలుపెట్టారు.

మేక మెడ చాచింది. గుప్పిట ఎటు తిరిగితే మూతి అటు తిరిగింది. రెండో చుట్టులో ముందరికాళ్ళు ఎత్తి ఆవిడ మణికట్టు మీద పడి, వేళ్ళ సందుల్లోకి మూతి దూర్చింది. గుప్పిట విడిపోయింది. మిరపకాయలు కింద పడ్డాయి. అరచేతిలో ఉన్న ఉప్పు మేక నోట్లోకి పోయింది.

"దిష్టి తినేసిందండోయ్!" అని పిన్నిగారు గోడకు చేరగిలబడి పడీపడీ నవ్వారు.

"ఛీ ఛీ, అపచారం" అంటూ అత్తగారు చెయ్యి లాక్కోబోయారు. మేక ఆ చేతిని వదల్లేదు. చర్మం మీద మిగిలిన ఉప్పు కోసం గరుకు నాలుకతో మళ్ళీ మళ్ళీ నాకింది.

నేను పాకలోకి వెళ్ళి చూశాను. గుంజకు తాడు ముక్క ఉంది. మూట లేదు.

"అత్తయ్యగారూ, ఇక్కడ ఉప్పు మూట ఉండాలి కదండీ."

"మైల రోజుల్లో నేనే తీసేశాను బాబూ. ఇంట్లో ఎవరికీ ఉప్పు లేనప్పుడు దానికెందుకని."

"తర్వాత మళ్ళీ కట్టలేదా?"

"అదేదో మా పిల్ల ముచ్చటనుకున్నాను. మా ఊళ్ళో మేకకి ఉప్పు కట్టినవాళ్ళెవరండీ? నా వయసులో చూళ్ళేదు."

ఆవిడ చెప్పింది నిజమే. మొగల్తూరులో ఆ అవసరం రాలేదు. భార్య నాతో చెప్పిన మాటే ఆవిడకు చెప్పాను. అక్కడి నేల ఉప్పన, ఇక్కడి నేల చప్పన అని. "నాకు చెప్పలేదే" అన్నారావిడ.

"మీరు అడగలేదేమో" అన్నారు పిన్నిగారు, ఈసారి నవ్వకుండా.

అంత ఆబగా ఉన్న మేకకు ఒకేసారి ఎక్కువ ఉప్పు పెట్టకూడదు. ముందు కుండెడు నీళ్ళు పెట్టాను. తాగేసింది. కుడితిలో చిటికెడు ఉప్పు వేస్తే అడుగు కనిపించేదాకా తాగింది. రెండుమూడు రోజులు అలాగే ఇచ్చి, ఆ తర్వాత మూట కట్టాం. నేను వేసిన ముడి జారిపోయింది. అత్తగారు తీసుకుని, సముద్రం వైపు వాళ్ళు వేసే ముడి వేశారు. నా భార్య వేసే ముడీ అదే.

పాలు వెంటనే రాలేదు. ముందు మేక గోడ నాకడం మానింది. తర్వాత నెమరు వేయడం బాగుపడింది, బొచ్చు అణిగింది. పొదుగు ఆ తర్వాతే నిండింది.

ఒక ఉదయం అత్తగారు ఉగ్గుగిన్నె పట్టుకుని కూచున్నారు. బిడ్డ తాగి తాగి మొహం పక్కకు తిప్పేసింది. ఆవిడ గిన్నె మళ్ళీ పెదాలకు ఆనించారు. బిడ్డ నోరు తెరవలేదు. అంతవరకు గిన్నెలో పాలు మిగలడం మేం చూడలేదు. ఆవిడ అడుగున ఉన్న పాలు నాకు చూపించి, "ఇంక వద్దంటోంది బాబూ" అన్నారు.